మానసిక ఆరోగ్య చట్టం, ప్రభుత్వ బాధ్యత: కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతం

భారతదేశంలో మానసిక చికిత్స 2018 మే 29 నుంచి చట్టం ఇచ్చిన హక్కు. ఆ రోజు అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) చికిత్స అందించే బాధ్యతను నేరుగా ప్రభుత్వం నెత్తిన పెట్టింది. అందకపోతే ఎవరిని అడగాలో కూడా చెప్పింది. ఆ బాధ్యత తమిళనాడు దక్షిణాన విరుదునగర్ జిల్లాలోనూ, దానికి ఆనుకుని తూత్తుకుడి జిల్లా ఉత్తర కొసన ఉన్న కోవిల్‌పట్టిలోనూ ఏయే కార్యాలయాల మధ్య పంచబడి ఉందో, ఆ పంపకంలో ఎక్కడ జారిపోతోందో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఇది తెలుగువారికి పరాయి నేల కాదు. మదురై నుంచి తిరునెల్వేలి వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి మీద విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి వరుసగా వస్తాయి. రెండు పక్కలా నల్లరేగడి. పత్తి, మినుము, జొన్న పండే మెట్ట. విజయనగర, నాయక రాజుల కాలంలో ఇక్కడికి తరలివచ్చిన కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకర్లు, రాజపాళయం రాజులు, అరుంధతీయులు ఈనాటికీ ఇళ్ళలో తెలుగే మాట్లాడుకుంటారు. తమిళ కథాసాహిత్యంలో ఈ కరిసల్ (నల్లరేగడి) నేలకు చోటు కల్పించిన కి. రాజనారాయణన్ కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో ఒక తెలుగు ఇంట పుట్టినవారే. వానాధారపు సేద్యం చాలని కుటుంబాలను అగ్గిపెట్టెల కార్ఖానాలు, శివకాశి బాణసంచా, అచ్చు యంత్రాలు పోషించాయి. 2011 జనగణనలో విరుదునగర్ జిల్లా జనాభా 19.42 లక్షలు, తూత్తుకుడి జిల్లా జనాభా 17.50 లక్షలు, కోవిల్‌పట్టి పట్టణ జనాభా సుమారు 95 వేలు.

ఏర్వాడి మంటలు

ఈ ప్రాంతంలో ప్రభుత్వ బాధ్యత గురించి మాట్లాడాలంటే 2001 ఆగస్టు 6 దగ్గర మొదలుపెట్టక తప్పదు. ఆ తెల్లవారుజామున రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గాకు దగ్గరలో నడుస్తున్న ఒక ప్రైవేటు మానసిక ఆశ్రమం పాకకు నిప్పంటుకుంది. లోపలి మనుషులను గొలుసులతో కట్టి ఉంచారు. కదలడానికి వీల్లేక 25 మంది అక్కడే కాలిపోయారు. తరువాత పోయినవారితో కలిపి మృతులు 28 మంది. విరుదునగర్ 1985 దాకా ఆ రామనాథపురం జిల్లాలోనిదే. దక్షిణ తమిళనాడు, కేరళ కుటుంబాలు తమ జబ్బు మనుషులను దర్గా నీడన వదిలి వెళ్ళడం అప్పటికే ఎన్నో ఏళ్ళ అలవాటు. దర్గా దగ్గర జబ్బు నయమవుతుందన్న నమ్మకం ఒక కారణం. దగ్గరలో ప్రభుత్వ వైద్యం లేకపోవడం అంతకన్నా పెద్ద కారణం. రాష్ట్రం మొత్తానికి ఉన్న ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఒక్కటే, చెన్నై కీల్పాక్కంలో. 1794లో ఒక బ్రిటిష్ సర్జన్ ప్రైవేటుగా మొదలుపెట్టిన శరణాలయం దాని మూలం. కోవిల్‌పట్టి నుంచి అక్కడికి ఐదు వందల కిలోమీటర్లకు పైనే.

అప్పటికి చట్టం లేకపోలేదు. 1912 నాటి వలస చట్టాన్ని తీసేసి తెచ్చిన 1987 మానసిక ఆరోగ్య చట్టం 1993 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మానసిక రోగులను ఉంచుకునే సంస్థకు లైసెన్సు ఉండి తీరాలని అది చెప్పింది. ఏర్వాడి ఆశ్రమాలు లైసెన్సు లేకుండానే, అందరికీ తెలిసే నడిచాయి. మంటల తరువాత వారం తిరిగేసరికి ప్రభుత్వం వాటన్నిటినీ మూసి, ఐదు వందల మందికి పైగా రోగులను తన చేతిలోకి తీసుకుంది. ఒక వారంలో చేయగలిగిన పని ఎనిమిదేళ్ళ పాటు ఎందుకు జరగలేదన్నదే ఈ మొత్తం చరిత్రలో తప్పించుకోలేని ప్రశ్న. 2007లో ఆశ్రమం యజమానికీ కుటుంబీకులకూ ఏడేళ్ళ జైలు శిక్ష పడింది. లైసెన్సులు తనిఖీ చేయాల్సిన యంత్రాంగం బాధ్యత మాత్రం ఆ శిక్షతో తీరేది కాదు.

సుప్రీంకోర్టు పత్రికా వార్తల ఆధారంగా తనంతట తానే కేసు చేపట్టింది. 2002 ఫిబ్రవరి 5న ఇచ్చిన ఉత్తర్వులో, లైసెన్సు ఉన్నవైనా లేనివైనా ఇలాంటి సంస్థలన్నిటినీ జిల్లాలవారీగా సర్వే చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. కోలుకున్నవారు ఇంటికి వెళ్ళేందుకు సాయపడేలా న్యాయ సహాయ మండలి సభ్యులు నెలనెలా ఆ సంస్థలకు వెళ్ళాలని కూడా చెప్పింది. తమిళనాడు అదే ఏడాది పునరావాస కేంద్రాల రిజిస్ట్రేషన్‌కు నియమాలు తెచ్చింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం రామనాథపురానికి, మదురైకి విస్తరించింది.

ఈ కార్యక్రమం పుట్టుకలో తెలుగు నేలకూ పాలుంది. 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు బళ్ళారి జిల్లాలో చేసిన ప్రయోగమే దానికి నమూనా. 1996లో దేశంలో మొదటిగా ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో మెదక్ ఒకటి, తిరుచిరాపల్లి మరొకటి. జిల్లా ఆసుపత్రిలోనే మానసిక వైద్యుడు ఉండాలి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు శిక్షణ ఇవ్వాలి, మందులు ఊరి దగ్గరే దొరకాలి అన్నది దాని ఆలోచన.

గొలుసులు ఏర్వాడితో ఆగిపోలేదు. 2019 జనవరిలో ఉత్తరప్రదేశ్‌లోని బదాయూఁ ప్రార్థనాస్థలంలో రోగులను గొలుసులతో బంధించిన సంగతి సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 2023 ఫిబ్రవరిలో తమిళనాడులోనే, విళుప్పురం జిల్లా గుండలప్పులియూరులో అనుమతి లేని ఆశ్రమం నుంచి వందమందికి పైగా మనుషులను విడిపించారు. అక్కడి ఘోరాలు బయటపడింది తనిఖీలో కాదు. అక్కడ ఉంచిన ఒక మనిషి కనిపించడం లేదని మద్రాసు హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ పడిన తరువాత.

చట్టం ప్రభుత్వం మీద పెట్టిన బరువు

2017 చట్టంలో 18వ సెక్షన్ గుండెకాయ. ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ డబ్బుతో నడిచే సేవలు కనీసం ప్రతి జిల్లాలో ఉండాలి. చికిత్స కోసం ఎవరూ దూరాభారం పోవలసిన పని ఉండకూడదు. పేదలకు కార్డు ఉన్నా లేకున్నా, ఇల్లూ వాకిలీ లేనివారికి ఏ కాగితమూ అడగకుండా, వైద్యం ఉచితం. అవసరమైన మందుల జాబితాలో ఉన్నవి ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇవ్వాలి. కనీస సేవలు జిల్లాలో లేకపోతే రోగి అదే జిల్లాలో మరో చోట వైద్యం చేయించుకోవచ్చు, ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి. డాక్టరు పోస్టు ఖాళీగా ఉంటే నష్టం రోగికి కాక ఖజానాకు తగలాలన్నదే ఈ చివరి నిబంధన అర్థం. చట్టం మొత్తంలో ఇంత పదునైన వాక్యం మరొకటి లేదు. ఇంత తక్కువగా వాడుకలోకి వచ్చినదీ లేదని నా అభిప్రాయం.

95వ సెక్షన్ ప్రకారం మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టరాదు. మత్తుమందు, కండరాలను సడలించే మందు ఇవ్వకుండా విద్యుత్ షాక్ చికిత్స చేయరాదు. కుటుంబం వదిలేసిన మనిషికి తోడ్పాటు ఇవ్వడం 19వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ విధి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు లేదా పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రిజిస్ట్రేషన్ లేకుండా సంస్థ నడిపితే జరిమానా ఐదు వేల రూపాయల నుంచి మొదలై, పదేపదే చేస్తే ఐదు లక్షల దాకా పోతుంది.

జిల్లాలో ఎవరు దేనికి బాధ్యులు

తమిళనాడు ప్రభుత్వ వైద్యం మూడు డైరెక్టరేట్ల కింద నడుస్తుంది. విరుదునగర్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి వైద్య విద్యా డైరెక్టరేట్ కింద, డీన్ చేతిలో ఉంటుంది. ఈ కళాశాల 2022 జనవరి 12న రాష్ట్రంలోని మరో పది కొత్త కళాశాలలతో కలిసి ప్రారంభమైంది. తాలూకా ఆసుపత్రులు, కోవిల్‌పట్టిలోని జిల్లా ప్రధాన ఆసుపత్రి వైద్య సేవల డైరెక్టరేట్ కింద, జాయింట్ డైరెక్టర్ పరిధిలోకి వస్తాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రజారోగ్య శాఖవి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వీటన్నిటికీ అడ్డంగా, నేషనల్ హెల్త్ మిషన్ నిధులతో నడుస్తుంది.

ఒక రోగి దారి చూస్తే ఈ ఏర్పాటు బరువు తెలుస్తుంది. సాత్తూరు పక్క పల్లెలో ఒక కుర్రవాడికి మొదటిసారి మతి చలించింది అనుకుందాం. గుర్తించాల్సింది ఊరి ఆరోగ్య కేంద్రం, చేర్చుకోవాల్సింది వైద్య కళాశాల ఆసుపత్రి. ఇంటికి వచ్చాక నెలనెలా మాత్రలు ఇవ్వాల్సింది మళ్ళీ ఊరి కేంద్రం లేదా తాలూకా ఆసుపత్రి. మధ్యలో మందు ఆపేస్తే ఇంటికి వెళ్ళి కనుక్కోవాల్సింది జిల్లా బృందంలోని సోషల్ వర్కర్. నాలుగు చేతులు మారే ఈ పనిలో ఎక్కడ తెగినా మిగతా మూడు చేతులూ తమ పని చేశామని చెప్పగలవు. మొత్తానికి ఒకే జవాబుదారు జిల్లాలో కలెక్టరు తప్ప మరొకరు లేరు. ప్రతి సోమవారం కలెక్టరాఫీసులో జరిగే ప్రజల అర్జీల దినం మన ప్రజావాణి లాంటిదే. మానసిక వైద్యం మీద అర్జీ పెట్టడానికి అది అందరికీ తెరిచి ఉన్న తలుపు. ముఖ్యమంత్రి హెల్ప్‌లైన్ 1100 మరొక దారి.

జాతీయ మార్గదర్శకాల ప్రకారం కార్యక్రమానికి జిల్లాకు ఏడాదికి 83.2 లక్షల రూపాయల దాకా నిధులు ఇవ్వవచ్చు. మానసిక వైద్యుడు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సులతో ఒక బృందం ఉండాలి, జిల్లా స్థాయిలో పది పడకల వార్డు ఉండాలి. మందుల విషయంలో తమిళనాడుకు మంచి పునాది ఉంది. 1994లో ఏర్పడిన రాష్ట్ర వైద్య సేవల కార్పొరేషన్ మందులను ఒకే చోట కొని గోదాముల ద్వారా పంచే పద్ధతిని దేశానికి నేర్పింది. ఏ మాత్ర ఏ ఆసుపత్రిలో ఎన్ని రోజులు లేదో దాని లెక్కల్లోనే ఉంటుంది కాబట్టి, మందు దొరకలేదన్న ఫిర్యాదును కాగితంతో రుజువు చేయడం ఇక్కడ సాధ్యం.

లెక్కపెట్టేదాని మీదే అధికారుల చూపు నిలుస్తుంది. విరుదునగర్ 2018లో వెనుకబడినవిగా ఎంచి కేంద్రం ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల్లో ఒకటి, తమిళనాడు నుంచి రామనాథపురంతో పాటు. గర్భిణుల పరీక్షలు, పిల్లల బరువు, టీకాలు, క్షయ చికిత్స, బడులు, సాగునీరు, ఇలా ఎన్నో సూచికలను నెలనెలా కొలిచి జిల్లాలకు ర్యాంకులు ఇస్తారు. ఆ ఆరోగ్య సూచికల్లో మానసిక ఆరోగ్యం లేదు. ర్యాంకు కోసం శ్రమించే జిల్లా యంత్రాంగం కళ్ళ ముందుకు ఈ రోగులు రాకపోవడానికి అది ఒక కారణం. సూచికలు ఎంచినవాళ్ళదే ఈ లోపం.

కోవిల్‌పట్టిది మరో ఇబ్బంది. చట్టానికి కొలత జిల్లా. కోవిల్‌పట్టివారి జిల్లా కేంద్రం తూత్తుకుడి తూర్పున సముద్రం ఒడ్డున ఉంది. వారి బస్సులు, రైళ్ళు, బంధుత్వాలు, వైద్యం మదురై–తిరునెల్వేలి దారిలో నడుస్తాయి. పెద్ద జబ్బు వస్తే 1965 నాటి తిరునెల్వేలి వైద్య కళాశాలకో, 1954 నాటి మదురై కళాశాలకో పోవడం వారికి అలవాటు. సాత్తూరు పాతిక కిలోమీటర్ల లోపే ఉన్నా అది వేరే జిల్లా. జిల్లా దాటి వైద్యం చేయించుకున్న మనిషి వెనక్కి వచ్చాక, అతని వివరాలు సొంత జిల్లా బృందానికి చేర్చే పద్ధతి గట్టిగా లేకపోతే అతను రెండు చోట్లా లెక్కలో లేనట్టే. ఖర్చు భరించే నిబంధన కూడా అదే జిల్లాలోని సంస్థలకు కట్టుబడి రాసినది. రహదారి మీద బతికే పట్టణాలకు ఈ రాత సరిపోదు.

ఇంటి భాష

రోగికీ, అతను ఎంచుకున్న ప్రతినిధికీ చట్టం సమాచార హక్కు ఇచ్చింది. ఏ సెక్షన్ కింద చేర్చుకున్నారు, జబ్బు ఏమిటి, ఏ చికిత్స చేయబోతున్నారు అన్నవి అతనికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే తీరులో చెప్పాలని 22వ సెక్షన్ అంటుంది. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాల్లో చాలామందికి తమిళం ధారాళంగా వచ్చు; చదువు తమిళంలోనే. తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు లిపి చాలామందికి రాదు. అందుకని హైదరాబాదులోనో విజయవాడలోనో అచ్చువేసిన తెలుగు కరపత్రం ఇక్కడ పనికిరాదు. కావలసింది నోటి తెలుగు. అర్ధరాత్రి గోడతో మాట్లాడే అవ్వ, పసిబిడ్డను ముట్టని బాలింత తమ బాధను ఇంటి మాటలో చెప్పుకోగలిగితే డాక్టరుకు జబ్బు త్వరగా అందుతుంది. దీనికి కొత్త పోస్టులు అక్కర్లేదు. ఈ ఊళ్ళ నుంచే వచ్చిన నర్సులు, గ్రామ ఆరోగ్య కార్యకర్తలు, 2021 ఆగస్టులో మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువం’ ఇంటింటి వైద్య పథకం సిబ్బంది ఉన్నారు. వారిలో తెలుగు వచ్చినవారిని గుర్తించి ఆ పనికి పెట్టడం జిల్లా అధికారుల చేతిలో పని. 2022 అక్టోబరు 10న దేశమంతటా మొదలైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అది పలు భారతీయ భాషల్లో పనిచేస్తుంది.

బాణసంచా, అగ్గిపెట్టెలు

ఈ ప్రాంతంలో మానసిక ఆరోగ్యానికి ఒక ప్రత్యేక కోణం కార్ఖానా ప్రమాదాలు. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గరి ముదలిపట్టిలో జరిగిన పేలుడులో సుమారు 40 మంది చనిపోయారు. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు దగ్గరి అచ్చంకుళంలో 20 మందికి పైగా పోయారు. వీటి మధ్యా తరువాతా చిన్న పేలుళ్ళకు లెక్కలేదు. ప్రతిసారీ పరిహారం ప్రకటిస్తారు, లైసెన్సు రద్దు చేస్తారు, కేసు పెడతారు. అచ్చంకుళం విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ తానే కేసు చేపట్టి, మృతుల కుటుంబాలకూ గాయపడినవారికీ పరిహారం ఆదేశించింది. ఈ లెక్కలు ఒంటి మీది కాలిన గాయాన్ని కొలుస్తాయి. తోటి పనివాళ్ళు కళ్ళ ముందే పోగా బతికి బయటపడి, బాణసంచా మందు వాసన తగిలితే వణికిపోయే మనిషిని కొలవవు. మరుసటి నెల అప్పు వాయిదా కోసం అతను మళ్ళీ అదే పనికి పోవాలి. పేలుడు జరిగిన ఊరికి జిల్లా మానసిక వైద్య బృందం తప్పనిసరిగా వెళ్ళి, కనీసం ఏడాది పాటు ఆ కుటుంబాలను చూడాలన్న నియమం విరుదునగర్ జిల్లాకు మిగతా ఏ జిల్లాకన్నా ముందు కావాలి. మానసిక ఆరోగ్య ప్రోత్సాహక, నివారక కార్యక్రమాలను ప్రణాళిక వేసి అమలుచేయడం ప్రభుత్వ విధి అన్న 29వ సెక్షన్ అందుకు చాలినంత ఆధారం.

కోర్టు మాట ఈ కార్ఖానాల దాకా చేరగలదనడానికి పాత సాక్ష్యం ఉంది. 1996 డిసెంబరు 10న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు శివకాశి బాలకార్మికుల మీద ఇచ్చిన తీర్పు, ఒక్కో బిడ్డకు ఇరవై వేల రూపాయలు యజమాని చెల్లించాలంది. సర్వేలకు గడువు పెట్టింది, అమలును ఫలానా అధికారులకు అప్పగించింది. అంకె, గడువు, అధికారి మూడూ ఉన్నందుకే ఆ తీర్పు కాగితం దాటి కదిలింది.

పోలీసు, ఆత్మహత్యాయత్నం

2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసింది. 19,834 మరణాలతో తమిళనాడు మహారాష్ట్ర తరువాత రెండో స్థానంలో ఉంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు అని 115వ సెక్షన్ చెప్పింది. అతనికి వైద్యం, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వ విధి అని కూడా అదే సెక్షన్ అంది. 2024 జులై 1న కొత్త నేర శిక్షాస్మృతి వచ్చాక, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్ కూడా పోయింది. కానీ ఆసుపత్రి నుంచి స్టేషన్‌కు సమాచారం, స్టేషన్ నుంచి ఇంటికి పోలీసు అన్న భయం ఊళ్ళలో ఇంకా ఉంది. ఆ భయంతో కుటుంబాలు మనిషిని త్వరగా ఇంటికి తీసుకుపోతాయి; మానసిక వైద్యుడి దగ్గరికి చేరకుండానే డిశ్చార్జి అయిపోతుంది.

రైల్వే స్టేషన్లలో, బస్టాండుల్లో తిరిగే అనాథ రోగుల బాధ్యత 100వ సెక్షన్ కింద పోలీసులది. అలాంటి మనిషిని 24 గంటల్లోగా దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి. ఎట్టి పరిస్థితిలోనూ లాకప్‌లో గానీ జైలులో గానీ ఉంచరాదు. అతనివాళ్ళను వెతికేందుకు తప్పిపోయిన మనిషిగా కేసు నమోదు చేయాలి. తమిళనాడులో స్వచ్ఛంద సంస్థలతో కలిసి ప్రభుత్వ ఆసుపత్రుల్లో అత్యవసర సంరక్షణ, పునరావాస కేంద్రాలు నడపడం మంచి అడుగు.

ఫిర్యాదుకు మార్గాలు

ఆసుపత్రి సేవలో లోపం ఉంటే రోగి లేదా అతని ప్రతినిధి మొదట అక్కడి అధికారికి, తరువాత మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు, ఆపై రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. బోర్డుకు జిల్లా జడ్జి స్థాయి వ్యక్తి అధ్యక్షుడు. కలెక్టరు ప్రతినిధి, మానసిక వైద్యుడు, మరో డాక్టరు, వీరితో పాటు జబ్బు అనుభవించినవారు, సంరక్షకులు లేదా స్వచ్ఛంద సంస్థల నుంచి ఇద్దరు అందులో ఉంటారు. బలవంతంగా చేర్చారన్న ఫిర్యాదును, 30 రోజులు దాటిన ప్రతి నిర్బంధ చేరికను సమీక్షించేది ఇదే. బోర్డు నిర్ణయం మీద 30 రోజుల్లో హైకోర్టుకు పోవచ్చు. ఒక జిల్లాకు గానీ కొన్ని జిల్లాలకు కలిపి గానీ బోర్డు పెట్టవచ్చని చట్టం వెసులుబాటు ఇచ్చింది. ఈ వెసులుబాటే సామాన్యుడికి దూరం పెంచుతుంది. పనిరోజు కూలి వదులుకుని పక్క జిల్లాకు పోయి తన తమ్ముడి విడుదల కోసం వాదించుకోగల అగ్గిపెట్టెల కార్మికురాలు ఎవరుంటారు?

న్యాయ సహాయం ఉచితం. జాతీయ న్యాయ సేవల సంస్థ 2015లో మానసిక రోగుల కోసం ప్రత్యేక పథకం పెట్టింది. విరుదునగర్ జిల్లా కోర్టు జిల్లా కేంద్రంలో కాక శ్రీవిల్లిపుత్తూరులో ఉంది. న్యాయ సేవల కోసం పోవలసిందీ అక్కడికే. కోవిల్‌పట్టివారికి తూత్తుకుడి. రెండు జిల్లాలకూ హైకోర్టు 2004 జులై 24న ఏర్పడిన మదురై బెంచి. చెన్నై దాకా పోయే బాధ తప్పినందువల్ల ఈ ప్రాంతపు ప్రజాప్రయోజన వ్యాజ్యాలు అక్కడ ఎక్కువగా దాఖలవుతున్నాయి.

వీటన్నిటికన్నా తేలికైన సాధనం 2005 సమాచార హక్కు చట్టం. పది రూపాయల రుసుముతో, 30 రోజుల గడువుతో, జిల్లా బృందంలో ఎన్ని పోస్టులు ఖాళీ, వార్డులో ఎన్ని పడకలు, ఏ మందు ఎన్ని రోజులు లేదు, సమీక్షా బోర్డు ఏడాదిలో ఎన్నిసార్లు కూర్చుంది, ప్రైవేటు చికిత్స ఖర్చు ఎంతమందికి తిరిగి చెల్లించారు అని అడగవచ్చు. రోగి తన సొంత వైద్య రికార్డును 2018 నియమాల ప్రకారం ఆసుపత్రి నుంచే తీసుకోవచ్చు.

మనుషుల కొరత

నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో పెద్దవారిలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. చికిత్స అందనివారు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం. తమిళనాడు ఆ 12లో ఒకటి. విరుదునగర్ జిల్లాలో పెద్దవారు 14 లక్షలు అనుకుని ఆ సగటునే వేస్తే దాదాపు లక్షన్నర మంది అవుతారు. లక్ష జనాభాకు ముగ్గురు మానసిక వైద్యులు అన్న, తరచుగా చెప్పే కొలత ప్రకారం ఈ జిల్లాకు 58 మంది, తూత్తుకుడి జిల్లాకు 52 మంది ఉండాలి. దేశ సగటు లక్షకు 0.75 మాత్రమే, ఆ లెక్కన విరుదునగర్‌కు 15 మందికి మించరు. ప్రభుత్వ ప్రైవేటు డాక్టర్లందరినీ కలిపి వేసిన సగటు ఇది. వారు పెద్ద నగరాల్లో పోగై ఉంటారు కాబట్టి మెట్ట జిల్లాల వాటా ఇంకా తక్కువ.

ఈ కొరతకు చట్టమే గడువు పెట్టింది. జనాభాకు తగినంతమంది మానసిక వైద్య నిపుణులను అంతర్జాతీయ ప్రమాణాల మేరకు సమకూర్చుకునే ప్రయత్నం చట్టం అమల్లోకి వచ్చిన పదేళ్ళలోగా చేయాలని 31వ సెక్షన్ అంటుంది. ఆ పదేళ్ళు 2028 మేలో నిండుతాయి. విరుదునగర్ వైద్య కళాశాల మానసిక వైద్య విభాగంలో పీజీ సీట్లు, సైకాలజిస్టులకూ నర్సులకూ శిక్షణ, కోవిల్‌పట్టి ఆసుపత్రిలో శాశ్వత మానసిక వైద్యుడి పోస్టు, ఈ మూడింటి మీద ఏటా ఏం చేశారో శాసనసభలో ఆరోగ్య శాఖ పద్దు చర్చకు వచ్చినప్పుడు ఈ రెండు జిల్లాల శాసనసభ్యులు అడగవచ్చు. అడగమని వారికి అర్జీ రాసే హక్కు ఈ ఊళ్ళలోని ప్రతి కుటుంబానికీ ఉంది.